నాణెం పడని లిఫ్టు

తాతయ్య లిఫ్టు మెకానిక్కు. ఈ మాట ముందే చెప్పకపోతే తర్వాత జరిగినదంతా మతిలేని మనిషి పనిలా కనిపిస్తుంది. చెప్పినా కొంచెం అలాగే కనిపిస్తుంది గానీ, కనీసం ఎందుకో తెలుస్తుంది.

ఆయనకి పరాయి దేశంలో ఉద్యోగం దొరికినప్పుడు అమ్మకి ఎనిమిదేళ్లు, మావయ్యకి నాలుగు. మావయ్యకి ఇప్పుడు బట్టతలా, పొట్టా, పదిమందిని కసిరే ఉద్యోగమూ ఉన్నాయి. ఈ కథలో ఉన్నది మాత్రం ముక్కు తుడుచుకోవడం చేతకాని మావయ్య. తాతయ్య ముందుగా వెళ్లి పనిలో కుదురుకుని, మంచి ఇల్లొకటి చూసి, ఆ తర్వాత ముగ్గురినీ పిలిపించుకోవాలన్నది ఇంట్లో అనుకున్న మాట. అమ్మమ్మ అప్పట్లో పళ్ల డాక్టరు దగ్గర పనిచేసేది. ఎంత బిగించుకున్న నోరైనా ఆవిడ ఒక్కసారి చూస్తే తెరుచుకునేదట. ఆవిడ ఉద్యోగం మానలేదు, సెలవు పెట్టింది. వెళ్లే టిక్కెట్లతోపాటు తిరిగొచ్చే టిక్కెట్లు కూడా కొనిపించింది.

"పిల్లలు అక్కడ కుదురుకుంటే ఉంటాం. లేదంటే బళ్లు తెరిచేలోగా వచ్చేస్తాం. మీరు ఏడాదికోసారి వచ్చి చూసి పోదురుగాని," అంది ఫోనులో. గొంతు పెంచలేదు. అమ్మమ్మ గొంతు పెంచిందంటే బేరానికి ఇంకా చోటుందని అర్థం. పెంచలేదంటే లేదని.

తాతయ్యకి గుండె జారిపోయింది. అందుకే ఇల్లు వెతకడం చాలా శ్రద్ధగా చేశాడు. శ్రద్ధకేం లోటు లేదు. లోటల్లా దాన్ని తీసుకెళ్లి ఎక్కడ పెట్టాడన్నదే.

పని దిగగానే, మొహమైనా కడుక్కోకుండా, ఇల్లు ఖాళీ ఉందని బోర్డు కనిపించిన ప్రతి భవనంలోకీ దూరేవాడు. లిఫ్టు దగ్గర ఆగి తలుపుకి చెవి ఆనించి, పైనుంచి దిగొచ్చే చప్పుడు వినేవాడు. తలుపు తెరుచుకున్నాక గడపా లిఫ్టు నేలా సమంగా ఉన్నాయో లేదో బూటు అంచుతో తడిమేవాడు. తర్వాత జేబులోంచి ఓ నాణెం తీసి లిఫ్టు నేల మీద నిలువుగా నిలబెట్టి, పై అంతస్తు బటన్ నొక్కి, పక్కనే గొంతుక్కూర్చునేవాడు. బయలుదేరేటప్పుడు కుదిపినా, ఆగేటప్పుడు కుదిపినా నాణెం పడిపోతుంది. ఇల్లు చూపించడానికి వచ్చిన గుమాస్తా పక్కన నిలబడి గదులు ఎంత విశాలమో, నీళ్లు ఎలా వస్తాయో చెప్పుకుపోతుంటే, ఈయన నేల మీద చూపు తిప్పకుండా కూర్చుని ఉండేవాడు. నాణెం పడిందా, ఇంటి తలుపు తియ్యనివ్వకుండానే దండం పెట్టి దిగొచ్చేసేవాడు.

ఆ వీధుల్లో ఇళ్ల గుమాస్తాలందరికీ ఆయన 'నాణెం మనిషి'గా తెలిసిపోయాడు. కొందరు ఆయన వస్తున్నాడని తెలిస్తే భోజనానికి వెళ్లిపోయేవారట.

చివరికి ఒక భవనంలో నాణెం పడలేదు. కిందనుంచి తొమ్మిదో అంతస్తు దాకా, మొలకెత్తినట్టు నిలబడే ఉంది. కొత్తగా మార్చిన లిఫ్టు. బ్రేకు పడిన సంగతి కూడా తెలియనంత మెత్తగా ఆగింది. తాతయ్య కళ్లు చెమర్చాయి. తొమ్మిదో అంతస్తులో ఖాళీగా ఉన్న ఇంటి తలుపు గుమాస్తా తెరిచాడు. తాతయ్య లోపలికి తొంగి చూసి, "బాగుంది" అన్నాడు. పెళ్లిచూపులకి వెళ్లి, పిల్లని చూడకుండా, వాళ్లింటి గోడగడియారం చక్కగా నడుస్తోందని సంబంధం ఖాయం చేసుకొచ్చినట్టయింది వ్యవహారం.

అమ్మమ్మా పిల్లలూ దిగిన రోజున ఆయన కొత్త చొక్కా వేసుకున్నాడు. దారంతా ఇంటి గురించి ఒక్క ముక్క చెప్పలేదు, ఊరించాలని. భవనం లోపలికి తీసుకెళ్లి, సామాన్లు పక్కన పెట్టించి, ముగ్గురినీ లిఫ్టు ముందు వరసగా నిలబెట్టి, ఇంద్రజాలం చేసేవాడిలా జేబులోంచి నాణెం తీశాడు. మావయ్య చప్పట్లు కొట్టి లోపలికి ఉరికాడు. అమ్మమ్మ కూడా ఎక్కింది. అమ్మ మాత్రం ఎక్కలేదు.

"రామ్మా," అన్నాడు తాతయ్య.

అమ్మ తల అడ్డంగా ఊపింది. రెండు చేతులూ వెనక్కి పెట్టి గోడకి అతుక్కుపోయింది. బుజ్జగించాడు, నవ్వించబోయాడు, కొంచెం కోప్పడ్డాడు. లాభం లేదు. ఎత్తుకుని ఎక్కించబోతే అరిచిన అరుపుకి భవనంలో తలుపులు కొన్ని తెరుచుకున్నాయి. ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఆ పిల్ల లిఫ్టు ఎక్కే అవసరమే పడలేదు. వాళ్ల ఊళ్లో ఉన్నది నేల మీది ఇల్లు, బడి కూడా అంతే. లిఫ్టు మెకానిక్కు కూతురు లిఫ్టు ఎక్కదన్న సంగతి ఆ లిఫ్టు మెకానిక్కుకి అప్పుడే తెలిసింది.

అమ్మమ్మ లిఫ్టు దిగి, కూతురి చెయ్యి పట్టుకుని మెట్ల వైపు నడిచింది. తాతయ్య, మావయ్య, ఆరు పెట్టెలూ లిఫ్టులో వెళ్లారు. మావయ్య బటన్లన్నీ నొక్కేశాడు కాబట్టి అన్ని అంతస్తుల్లోనూ ఆగుతూ వెళ్లారు. అయినా వాళ్లే ముందు చేరారు.

చాలాసేపటికి ఆయాసపడుతూ వచ్చిన అమ్మమ్మ ఇల్లంతా ఒకసారి తిరిగింది. వంటింటి కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. స్నానాలగది తలుపు తెరవాలంటే పడగ్గది తలుపు మూయాలి. హాలు మధ్యలో ఒక స్తంభం, ఎవరో మరిచిపోయి వెళ్లినట్టు నిలబడి ఉంది. హాలు కిటికీలోంచి మాత్రం ఆకాశం ఇంత మేర కనిపిస్తుంది. ఆ కిటికీ ఉందని తాతయ్య కూడా అప్పుడే చూశాడు.

"లిఫ్టు బాగుందండీ," అంది అమ్మమ్మ స్తంభానికి ఆనుకుని. "ఇల్లెక్కడ?"

పెట్టెల్లో రెండింటిని మాత్రమే విప్పింది. మిగతా నాలుగూ తాళాలతో అలాగే గోడ పక్కన ఉండిపోయాయి. ఆ తర్వాత తాతయ్య ఇంట్లో అడుగుపెట్టినప్పుడల్లా మొదట చూసేది ఆ పెట్టెల వంకే. అవి కూడా ఆయన్నే చూస్తున్నట్టుండేదట.

రోజులు గడిచాయి. తాతయ్య పొద్దున్నే లిఫ్టులో దిగి పనికి పోయేవాడు, సాయంత్రం లిఫ్టులో ఎక్కి వచ్చేవాడు. అమ్మమ్మ, అమ్మ మెట్లెక్కేవాళ్లు, దిగేవాళ్లు. పాలకి దిగినా మెట్లే, కూరలకి దిగినా మెట్లే. కూతుర్ని ఒంటరిగా పంపడం ఇష్టం లేక అమ్మమ్మ కూడా లిఫ్టు మానేసింది. పాదాలకి నూనె రాసుకుంటూ కూర్చునేది. ఏమీ అనేది కాదు. గొంతు పెంచి నాలుగు తిడితే బాగుండునని తాతయ్యకి అనిపించేది.

ఊరుకుంటే లాభం లేదని ఆయనే రంగంలోకి దిగాడు. ఒక ఆదివారం కూతుర్ని మెట్ల మీదుగా భవనం పై కప్పుకి తీసుకెళ్లి, యజమాని దగ్గర అనుమతి తీసుకుని, లిఫ్టు మోటారు ఉండే గది తెరిచి చూపించాడు. ఇనుప తాళ్లు ఎంత లావో చూడు, ఒకటి తెగినా మిగతావి మోస్తాయి, అన్నీ తెగినా కింద పట్టుకునే ఏర్పాటుంది అని గంటసేపు ఉపన్యాసం ఇచ్చాడు. తాళ్లు తెగుతాయన్న సంగతి అమ్మకి అంతవరకూ తోచనే లేదు. ఆ సాయంత్రం లిఫ్టు తలుపుకి ఇంకా దూరంగా జరిగి నడిచింది.

ఆ మర్నాడు తాతయ్య పనినుంచి వచ్చేసరికి అమ్మ కింద మెట్ల దగ్గర పాలసీసా పట్టుకుని నిలబడి ఉంది. అమ్మమ్మ మావయ్యకి జ్వరంగా ఉందని పైనే ఉండిపోయింది. తాతయ్య లిఫ్టు వంక చూశాడు, కూతురి వంక చూశాడు, సంచీ భుజాన వేసుకుని ఆమెతో మెట్లెక్కడం మొదలుపెట్టాడు. ఆ భవనంలో ఆయన మెట్లెక్కడం, పై కప్పుకి వెళ్లిన ఆ ఆదివారం తీసేస్తే, అదే మొదలు. మొదటి అంతస్తు దాటకుండానే రొప్పుతున్నాడు.

"ఎందుకమ్మా అంత భయం?" అన్నాడు రొప్పు మధ్యలో. "మీ నాన్న ఎంతమందిని లిఫ్టుల్లోంచి బయటికి తీశాడో తెలుసా నీకు?"

తెలుసు. బాగా తెలుసు. వాళ్ల ఊళ్లో రోజూ భోజనాల దగ్గర తాతయ్య చెప్పేవి ఆ కథలే. పెళ్లికొడుకు ఇరుక్కున్న కథ, జడ్జిగారు ఇరుక్కున్న కథ, పుచ్చకాయల బుట్టతో ఇరుక్కున్న లావుపాటావిడ కథ. చీకట్లో వాళ్లు ఎలా ఏడ్చారో, గోడలు ఎలా గుద్దారో, చెమటలు ఎలా కారాయో అన్నీ నటించి మరీ చూపించేవాడు. చివర్లో మాత్రం ఒక్కటే. ఈయన వస్తాడు, తలుపు తెరుస్తాడు, వాళ్లు ఈయన చేతులు పట్టుకుంటారు. తన కథలో తనే వీరుడు.

అమ్మ ఒక మెట్టు పైన ఆగి వెనక్కి తిరిగింది.

"నీ కథల్లో అందరూ నువ్వొచ్చాకే బయటికొస్తారు కదా నాన్నా. నువ్వు కూడా లోపలే ఉంటే ఎవరొస్తారు?"

  అన్నేళ్లుగా లిఫ్టుల గురించి ఎవరేమడిగినా నీళ్లు నమలని మనిషి, మెట్ల మధ్యలో రాయిలా నిలబడిపోయాడు. పిల్లని భయపెట్టింది తాళ్లూ కాదు, చీకటీ కాదు. భోజనం దగ్గర తను కొట్టిన కోతలు.

తేరుకుని ఆమె వెనకే నడిచాడు. రెండో అంతస్తుకి వచ్చేసరికి అమ్మ తన సొంతింటికి వచ్చినట్టు ఒక తలుపు తోసి లోపలికి వెళ్లిపోయింది. తాతయ్య హడలిపోయి వెనకే దూరాడు. లోపల చక్రాల కుర్చీలో ఒక ముసలావిడ, బల్ల ముందు దీపం కింద కళ్లజోడు విప్పుకుని కూర్చున్న ముసలాయన. ఆయన కళ్లజోళ్లు బాగుచేస్తాడు. అమ్మ పాలసీసా పక్కన పెట్టి, తన స్టూలు తను లాక్కుని, పళ్లెంలో ఉన్న చీమ తలలంత మరమేకుల్ని చిన్నవి ఒక వైపూ మరీ చిన్నవి ఒక వైపూ వేరుచేయడం మొదలుపెట్టింది. వాళ్ల భాషలో ఏదో అంది. ముసలావిడ నవ్వింది. అమ్మకి ఆ భాషలో అన్ని మాటలు వచ్చని తాతయ్యకి తెలియదు.

పైకెక్కేటప్పుడు అమ్మమ్మ ఆయాసం తీర్చుకోవడానికి ఆగేదీ, దిగేటప్పుడు ఒక నిమిషమని మొదలుపెట్టి గంట కూర్చునేదీ ఆ ఇంట్లోనేనట. మావయ్య పేరు కూడా వాళ్లకి తెలుసు. లిఫ్టులో రయ్యిన దాటిపోయే తాతయ్యనే వాళ్లు ఎన్నడూ చూడలేదు. ఆయన కూతురు ఆ భవనంలో ఎప్పుడో కుదురుకుంది. తొమ్మిదో అంతస్తులో కాదు, రెండో అంతస్తులో.

ముసలావిడ ఆయనకి కుర్చీ చూపించి మాటలు కలిపింది. పాత లిఫ్టు రోజుల్లో ఒకసారి లోపల ఇరుక్కుందట. అప్పటినుంచి కొత్తది వచ్చినా ఎక్కలేదు. కిందకి దింపాలంటే ఇద్దరు మనుషులు కుర్చీతో సహా మోయాలి. ఎదురుగా పెద్ద భవనం లేచాక ఇంట్లోంచి ఆకాశం కనబడటం మానేసిందనీ, కిటికీలోంచి కింద పిల్లలాడుకునే ఖాళీ స్థలం తప్ప ఇంకేం లేదనీ చెప్పుకొచ్చింది. మీరు లిఫ్టుల మనిషి అట కదా, మీ అమ్మాయి చెప్పింది, నిజం చెప్పండి, మీకెప్పుడూ భయం వేయలేదా అని అడిగింది.

మామూలుగా అయితే తాతయ్య ఛాతీ పొంగించేవాడు. ఎదురుగా కూతురు మేకులు ఏరడం ఆపి చూస్తోంది. ఆయన ఇంతవరకూ ఎక్కడా విప్పని కథ ఒకటుంది. దాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాడు. అది ఇప్పుడు, కొంత వాళ్ల భాషలో కొంత తన భాషలో, బయటికి తీశాడు.

ఈ దేశం వచ్చిన మొదటి వారంలోనే ఆయన్ని ఒక ఆఫీసు భవనానికి లిఫ్టు బాగుచేయమని పంపారు. పద్ధతి ప్రకారం ప్రతి అంతస్తులోనూ 'లిఫ్టు పని జరుగుతోంది' అని బోర్డు తగిలించి, లోపలికెక్కి, రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుపోయాడు. వాకీటాకీ పనిముట్ల పెట్టెలో ఉంది. పనిముట్ల పెట్టె బయట ఉంది. ప్రమాద గంట నొక్కాడు. కింద కాపలాదారు అది విని, మెకానిక్కు గంట పరీక్షిస్తున్నాడనుకుని, బాగానే మోగుతోందని కిందనుంచి అరిచి చెప్పాడు. ఈయన తలుపులు బాదాడు. జనం బోర్డు చూసి, పాపం ఎంత కష్టపడి పనిచేస్తున్నాడో అనుకుంటూ మెట్లెక్కి పోయారు. అరిచాడు. అరుపు తన భాషలో వచ్చింది. పాట పాడుకుంటున్నాడనుకున్నారు.

ముసలాయన చేతిలో కళ్లజోడు కింద పెట్టి, బల్ల పట్టుకుని నవ్వుతున్నాడు.

"ఏడ్చావా?" అంది అమ్మ. ఆమె నవ్వడం లేదు.

తాతయ్య అటూ ఇటూ చూశాడు. గుమ్మంలో అమ్మమ్మ ఉంది. జ్వరం తగ్గి నిద్రపోయిన మావయ్యని భుజాన వేసుకుని, వీళ్లింకా రాలేదేమని వెతుక్కుంటూ వచ్చింది.

"కొంచెం," అన్నాడు.

"మరి ఎవరొచ్చారు?"

"మా పెద్దమేస్త్రి. భోజనానికి నేను రాలేదని చూసి, సగం తిన్న కంచం వదిలేసి వచ్చాడు. తలుపు తెరిచేసరికి ఆయన మూతికి ఇంకా కూర అంటుకునే ఉంది. నేను ఆయన చేతులు పట్టుకుని వదల్లేదు."

అమ్మ అప్పుడు నవ్వింది. ఆ దేశం వచ్చాక అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారి. మావయ్య ఉలిక్కిపడి లేచాడు.

"ఈ కథ నాకెప్పుడూ చెప్పలేదేం?" అంది అమ్మమ్మ.

"ఇందులో నేను వీరుణ్ణి కాదుగా."

"అందుకే బాగుంది," అని ఆవిడ లోపలికొచ్చి కూర్చుంది.

అమ్మ మళ్లీ మేకుల పళ్లెం వైపు తిరిగింది గానీ చేతులు కదలడం లేదు. లోపల ఏదో లెక్క కుదురుతోంది. అయితే బోర్డు చూసి పోయేవాళ్లు కాకుండా, లోపల మనవాళ్లున్నారని తెలిసినవాళ్లు ఒకళ్లు బయట ఉండాలి, అంతేగా అంది. అంతే అన్నాడు తాతయ్య. తన బుర్రకి తట్టని జవాబు అది. ఆ పిల్ల ముసలావిడ దగ్గరికెళ్లి, వచ్చిన మాటలూ చేతులూ కలిపి చెప్పింది. మీరు లిఫ్టులో ఎక్కండి, మా నాన్న లోపల ఉంటాడు, నేను బయట మెట్ల మీద వస్తాను, ప్రతి అంతస్తులోనూ తలుపు కొడతాను, కొట్టకపోతే నాకు చెప్పండి. చివరి ముక్కలో కాస్త తిరకాసు ఉంది గానీ ఎవరూ ఎత్తి చూపలేదు.

ముసలావిడ కుర్చీ పిడి ఒకసారి నిమిరింది. తర్వాత తల ఊపింది.

తాతయ్య లిఫ్టుని ఎప్పుడూ అంత నెమ్మదిగా నడిపి ఉండడు. ఒక్కో అంతస్తులో ఆపుతూ పోయాడు. లోపల చక్రాల కుర్చీ, ఆయన, ఊపిరి బిగబట్టిన ముసలాయన. బయట మెట్ల మీద అమ్మ చెప్పుల టపటప. ప్రతి అంతస్తులోనూ తలుపు మీద రెండు దెబ్బలు, "ఉన్నా" అని ఒక కేక. లోపలనుంచి ముసలావిడ కూడా తనకి రాని భాషలో "ఉన్నా" అని బదులు. నాలుగో అంతస్తు దాటాక ఆవిడ గొంతు వణకడం ఆగింది. తొమ్మిదో అంతస్తుకి చేరేసరికి ఇద్దరూ పోటీపడి అరుస్తున్నారు. ఆ రోజు నాణెం పెట్టడం తాతయ్యకి గుర్తే రాలేదు.

పైన హాలు కిటికీ ముందు కుర్చీ ఆపారు. పొద్దు కుంకుతోంది. ఊరి కప్పులన్నీ కింద పరిచినట్టున్నాయి, మిగతాదంతా ఆకాశమే. ముసలావిడ మెడ చాచి చూస్తూనే ఉంది. ముసలాయన మాత్రం గోడ పక్కనున్న నాలుగు పెట్టెల వంక చూసి, మీరు వెళ్లిపోతున్నారా అని అడిగాడు. అమ్మమ్మ చెంగుకి కట్టిన తాళం చెవులు సవరించుకుంది. చీకటి పడ్డా ముసలావిడ ఆ కిటికీ వదలలేదు. ఈవిణ్ణి ఇక కిందకి దింపడం నా వల్ల కాదు, మీరే మా ఇంట్లోకి దిగండి అన్నాడు ముసలాయన. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ నవ్వు సగంలోనే ఆగి, అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

రెండు ఇళ్లూ ఒకే యజమానివి. ఇళ్లు మార్చుకుంటామని వెళ్లి చెబితే గుమాస్తా తాతయ్యని గుర్తుపట్టి, కొత్త ఇంటికి కూడా నాణెం పరీక్ష ఉందా అని అడిగాడు. లేదన్నాడు తాతయ్య. ఈసారి ఆయన నిజంగానే ఇల్లు చూశాడు. కుళాయిలు తిప్పి చూశాడు. తలుపులు ఒకదానికొకటి తగలకుండా తెరుచుకుంటాయో లేదో చూశాడు. వంటింటి కిటికీ తెరిచి, అక్కడినుంచి కింద పిల్లలాడుకునే ఖాళీ స్థలం చూసి, మావయ్యని అక్కడికి పంపి, గట్టిగా అరవకుండా పిలిస్తే వినిపిస్తుందో లేదో చూశాడు. వినిపించింది. వాడు వినిపించుకోలేదు, అది వేరే సంగతి.

సామాన్లు దింపిన రోజున అమ్మమ్మ ఆ కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది. తాతయ్య వెనకాల కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఏమైనా అంటుందేమోనని చూశాడు. ఆవిడ చీర చెంగుకి కట్టిన తాళం చెవుల గుత్తి విప్పి, ఒక పెట్టె తెరిచింది. తర్వాత రెండోది. మూడోదాంట్లోంచి పిల్లల బడిసంచులు తీసి తలుపు వెనక కొక్కేనికి తగిలించింది. నాలుగోది కూడా ఖాళీ చేశాక గొంతు పెంచింది. ఖాళీ పెట్టెలు నడవాలో పెట్టుకుని అలా గుడ్లప్పగించి చూస్తారేం, అటక మీదకెక్కించండి అని కసిరింది. ఆ కసురు వింటే తాతయ్య ప్రాణం లేచొచ్చింది. నాలుగు పెట్టెలూ ఒక్క ఊపులో ఎక్కించేశాడు.

ఆ ఇంటికి లిఫ్టుతో పని లేదు. ఊళ్లో అంత మంచి లిఫ్టున్న భవనం ఏరి కోరి పట్టుకున్న మనిషి, రోజూ దాని ముందునుంచే నడిచి మెట్లెక్కేవాడు. ఆదివారాలు మాత్రం పనిముట్లు పట్టుకుని దాన్ని తుడిచి, నూనె పోసి, బిగించి వచ్చేవాడు. పైన ఉన్నావిడ కోసం అని పేరు. ఎవరూ చూడకుండా నాణెం పెట్టి చూసుకునేవాడని మావయ్య చెబుతాడు.

అమ్మ ఆ తర్వాత లిఫ్టు ఎక్కడం నేర్చుకుంది, అవసరమైనప్పుడు. ఇప్పటికీ సరదా అయితే లేదు. తాతయ్యకి మోకాళ్లు అరిగిపోయి మెట్లు మానేశాక, ఎక్కడికైనా వెళ్లినప్పుడు ఆయన్ని లిఫ్టులో ఎక్కించి తను మెట్ల మీద వస్తుంది. అంతస్తు అంతస్తుకీ తలుపు మీద రెండు దెబ్బలు కొడుతుంది. చూసేవాళ్లు ఏమనుకుంటున్నారో అన్న చింత ఇద్దరికీ లేదు. లోపలనుంచి తాతయ్య "ఉన్నా" అంటాడు. గొంతు బాగా పెంచే అంటాడు.